ఫ్రెంచివారి మాతృభాష ఏది?

మాతృభాషను గురించి జరిగే ప్రతి సభలోనూ ఒక మాట తప్పక వినిపిస్తుంది. "ఫ్రెంచివారిని చూసి నేర్చుకోండి. వారి దేశంలో ఆంగ్లంలో ప్రశ్నిస్తే జవాబైనా చెప్పరు. మాతృభాష మీద అభిమానమంటే అదీ!" అని వక్త గొంతు పెంచుతాడు. సభ చప్పట్లు చరుస్తుంది. మూడు దశాబ్దాలకు పైగా ఉన్నత పాఠశాలల్లో తెలుగు బోధించినవాణ్ణి కనుక ఇటువంటి సభల్లో వేదిక మీదా, వేదిక ముందూ కూడా కూర్చున్నాను. ఉద్యోగ విరమణ తరువాత తీరిక చిక్కింది గదా అని ఆ ఫ్రెంచివారి సంగతేమిటో కొంత చదివాను. అది తెలిసిన మిత్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఆ భాషలో రాసిన అక్షరాలన్నీ ఎందుకు పలకరు? అకాడెమీ వారు ఒక మాటను నిషేధిస్తే దేశమంతా మానేస్తుందా? వారికి అంతటి భాషాభిమానం ఎక్కడినుంచి వచ్చింది? వారి వంటలను గురించీ, మూడువందల రకాల జున్నులను గురించీ అడిగేవారు కూడా ఉన్నారు గాని, ఆ విషయంలో నేను అనర్హుణ్ణి. భాష దగ్గరే ఆగుతాను.

పై ఉపన్యాసంలో నన్ను ఆపిన పదం "మాతృభాష". రెండువందల ముప్పయ్యేళ్ళ క్రితం ఫ్రాన్సు దేశ ప్రజల్లో అధిక సంఖ్యాకులకు ఫ్రెంచి మాతృభాష కాదు. వారి తల్లులకు ఆ భాష రాదు. ఇది నా ఊహ కాదు. వారి శాసనసభలోనే లెక్కలతో చదివిన నివేదిక ఉంది. దాని దగ్గరికి వస్తాను. ముందు కొంత పూర్వకథ చెప్పాలి.

మన పూర్వులు ఫ్రెంచివారిని "పరాసువారు" అన్నారు. బొబ్బిలి యుద్ధకథ విన్నవారికి పరాసుల బుస్సీ పరిచితుడే. మనం శతఘ్నికి వాడే "ఫిరంగి" అనే మాటకు కూడా మూలం ఫ్రాంకు అనే జాతినామమే. అది అరబ్బీ పారశీకాల మీదుగా మన దాకా వచ్చి, మొదట ఐరోపావారికీ, పిమ్మట వారు తెచ్చిన ఆయుధానికీ పేరైంది. విచిత్రమేమిటంటే ఈ ఫ్రాంకులు జర్మను తెగవారు. వారు జయించిన గాల్ దేశంలో అప్పటికే రోమనుల లాటిను స్థిరపడి ఉంది. విజేతలు క్రమంగా తమ నుడిని విడిచి ప్రజల లాటినునే పలికారు. దేశానికి పేరు మాత్రం వారిది మిగిలింది. అంటే ఫ్రెంచి అనేది జర్మను పేరు పెట్టుకున్న లాటిను ప్రాకృతం.

ప్రాకృతమన్నది ఉపమానం కోసమే అన్నా, పోలిక చాలా దూరం సరిపోతుంది. సంస్కృతం పక్కన ప్రాకృతాలు పెరిగినట్టే, గ్రాంథికమైన లాటిను పక్కన ప్రజల పలుకుబడులు పెరిగాయి. 813లో తూర్ పట్టణంలో సమావేశమైన క్రైస్తవాచార్యులు, ప్రసంగాలను అందరికీ తెలిసే గ్రామ్య రోమను నుడిలో గాని, జర్మను నుడిలో గాని చెప్పాలని తీర్మానించారు. జనానికి లాటిను అర్థం కావడం లేదని పెద్దలు ఒప్పుకున్నట్టయింది. 842లో షార్లెమాన్ చక్రవర్తి మనుమలు ఇద్దరు స్ట్రాస్‌బర్గ్‌లో పరస్పరం ప్రమాణం చేసుకున్నారు. ఒకరి సైనికులకు తెలియాలని మరొకరు ఎదుటివారి భాషలో ప్రమాణం చేశారు. ఆనాటి రోమను నుడి పాఠాన్ని నితార్ అనే చరిత్రకారుడు లాటిను గ్రంథంలో యథాతథంగా ఎక్కించాడు. ఫ్రెంచి భాషకు అది మొదటి శాసనం వంటిది. మనకు రేనాటి చోళుల శాసనాలు ఎటువంటివో వారికి అది అటువంటిది.

అయితే ఆ ప్రాకృతం ఒకటి కాదు. ఉత్తరాన "అవును" అనడానికి "ఓయిల్" అనేవారు. అదే నేటి "వీ" అయింది. దక్షిణాన "ఓక్" అనేవారు. ఆ ఒక్క మాటను బట్టే రెండు భాషలకూ పేర్లు వచ్చాయి. దక్షిణపు ఓక్ భాషలోనే త్రుబదూర్లనే కవులు పన్నెండో శతాబ్దంలో ప్రణయకవిత్వం అల్లి ఐరోపా కంతటికీ దారి చూపారు. 1209లో మొదలై ఇరవయ్యేళ్ళు సాగిన మతయుద్ధంలో ఉత్తరాది సేనలు దక్షిణాన్ని లోబరుచుకున్నాయి. ఓక్ భాష వెంటనే చావలేదు గాని, దాన్ని పోషించే ఆస్థానాలు చెదిరిపోయాయి. ఇవి గాక పశ్చిమాన కెల్టిక్ కుటుంబానికి చెందిన బ్రెటన్, నైరుతి కొండల్లో ఏ కుటుంబానికీ చెందని బాస్కు, తూర్పున అల్సాస్‌లో జర్మను మాండలికం, ఉత్తరపు కొసన ఫ్లెమిష్, దక్షిణపు కొసన కేటలాన్, తరువాతి కాలంలో చేరిన కార్సికా ద్వీపపు భాష. ఇదంతా ఒక్క రాజ్యం.

ఈ వైవిధ్యం ఎంతటిదో తెలియాలంటే రసీన్ అనుభవం ఒకటి చాలు. ఫ్రెంచి నాటకకర్తల్లో శుద్ధమైన భాషకు అతణ్ణి ప్రమాణంగా చెబుతారు. 1661లో ఇరవై ఒక్క ఏళ్ళ వయస్సులో అతడు దక్షిణాన ఉన్న యుజెస్ అనే ఊరికి వెళ్ళాడు. అక్కడినుంచి కథాకవి లా ఫోంతేన్‌కు రాసిన లేఖలో తన కష్టం చెప్పుకున్నాడు. లియాన్ నగరం దగ్గరినుంచే జనం మాట తెలియడం మానిందట. దారిలో ఒక బసలో రాత్రి అవసరానికి ఉంచే పాత్రను అడిగితే, పనిమనిషి నిప్పుల కుంపటి తెచ్చి మంచం కింద పెట్టిందట! ఊరు చేరిన తరువాత రెండుమూడు వందల చిన్న మేకులు కొనుక్కు రమ్మని సేవకుణ్ణి పంపితే, నిప్పంటించే పుల్లలు మూడు కట్టలు తెచ్చాడట. మాస్కోవాసికి పారిస్‌లో దుబాసీ ఎంత అవసరమో తనకు ఇక్కడ అంత అవసరమని వాపోయాడు. అతడున్నది తన దేశంలోనే, తన రాజు ఏలుబడిలోనే. కుంపటి కథ చదివినప్పుడల్లా నాకు నవ్వు వస్తుంది గాని, ఆ పనిమనిషి వైపునుంచి ఎవరూ ఉత్తరం రాయలేదు గదా అని కూడా అనిపిస్తుంది. వచ్చిన దొరకు తన ఊరి భాష రాదని ఆమె అనుకొని ఉంటుంది.

రాజశాసనం మాత్రం అంతకు నూరేళ్ళ ముందే వెలువడింది. 1539 ఆగస్టులో మొదటి ఫ్రాన్సువా రాజు విలేర్-కొత్రే కోటలో ఒక దీర్ఘమైన శాసనం మీద సంతకం చేశాడు. న్యాయస్థానాల తీర్పులు, దస్తావేజులు సందేహానికి తావులేకుండా ఉండాలనీ, వాటిని ఫ్రెంచి మాతృభాషలోనే రాయాలనీ అందులో రెండు నిబంధనలున్నాయి. ఆ దెబ్బ లాటినుకు తగలాలని ఉద్దేశించిందే. "ఫ్రెంచి మాతృభాష" అంటే రాజుగారి ఫ్రెంచియా, ఆయా ప్రాంతాల మాతృభాషలు కూడానా అన్నదాని మీద పండితులు నేటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఆచరణలో రాజుగారి భాషే నిలిచింది. అదే శాసనంలో మరొక నిబంధన ఉంది. బాప్తిస్మం పొందిన ప్రతి శిశువు పేరూ చర్చివారు పుస్తకంలో నమోదు చేయాలన్నది. దీన్ని గుర్తుంచుకోమని కోరుతున్నాను.

ఇక అకాడెమీ. ప్రధానమంత్రి రిషెల్యూ 1635లో దీన్ని స్థాపించాడు. సభ్యులు నలభైమంది. వారిని "అమరులు" అంటారు. మొదటి నిఘంటువు 1694లో వచ్చింది. తొమ్మిదవ కూర్పు 2024లో ముగిసింది. దాని మొదటి భాగాలు 1986లోనే వెలువడ్డాయి గనుక, చివరి అక్షరానికి చేరేసరికి మొదటి అక్షరం ముసలిదైపోయింది. 1635లోనే తలపెట్టిన వ్యాకరణం 1932లో గాని రాలేదు. వచ్చిన తరువాత భాషాశాస్త్రజ్ఞులు దాన్ని తూర్పారబట్టారు. ఒక మాటను నిషేధించే అధికారం చట్టరీత్యా అకాడెమీకి లేదు. దానికున్నది గౌరవం మాత్రమే. నలభైమందిలో ఒక స్త్రీకి చోటు దొరకడానికి 345 ఏళ్ళు పట్టింది. 1980లో ఎన్నికైన మార్గెరీత్ యూర్సెనార్ మొదటివారు.

పలకని అక్షరాల ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. కాలమనే అర్థంలో వారు అయిదక్షరాలు రాసి "తాఁ" అని ఊరుకుంటారు. (ఫ్రెంచి అనునాసికాలను రాయడానికి మన అరసున్న కంటె తగిన గుర్తు నాకు కనబడలేదు.) అందులోని పి అనే అక్షరం లాటిను "తెంపుస్" జ్ఞాపకార్థం మధ్యకాలపు లేఖకులు చేర్చినది. అంతకుముందు వాడుకలో అది పోయింది. వేలు అనే అర్థంలో "ద్వా" అని పలికే మాటలో జి అనే అక్షరాన్ని లాటిను "దిగితుస్" కోసం చేర్చారు. బరువు అనే అర్థంలో "ప్వా" అనే మాటలో డి అనే అక్షరం కథ మరీ వింతగా ఉంటుంది. అది లాటిను "పోందుస్" నుంచి వచ్చిందనుకొని డి పెట్టారు. నిజానికి ఆ మాట "పెన్సుమ్" నుంచి వచ్చింది. అంటే ఆ అక్షరానికి పుట్టుకే లేదు. పండితులు పొరబడి పెట్టారు. కోట్లమంది పిల్లలు నేటికీ రాస్తున్నారు. రాయని వారికి మార్కులు తగ్గుతున్నాయి.

అకాడెమీ నిఘంటువుకు ముందు లిపిని ఉచ్చారణకు దగ్గర చేయాలా, పాత పద్ధతిలోనే ఉంచాలా అన్న చర్చ జరిగింది. చదువుకున్నవారిని అజ్ఞానులనుంచీ, సామాన్య స్త్రీలనుంచీ వేరుచేసి చూపే పాత రాతే మేలని మెజెరే అనే సభ్యుడు 1673లో తన టిప్పణిలో దాపరికం లేకుండా రాశాడు. ఆ మాట చదివి నేను కొంతసేపు ఆగిపోయాను. విద్వాన్ పరీక్షకు చదివిన నావంటివారికి అరసున్నలూ, శకటరేఫలూ ఎక్కడ రాయాలో కంఠస్థం. వాటికి భాషాచరిత్రలో నిజమైన స్థానముంది, కాదనను. వాటిని అందరి చేతా రాయించాలని పట్టుబట్టినప్పుడు వెనుక పనిచేసిన ప్రేరణలో మెజెరే మాట కొంత లేదని మాత్రం చెప్పలేం. మనవారు అరసున్నను విడిచిపెట్టి ఎనభై తొంభై ఏళ్ళయింది. ఫ్రెంచివారు 1990లో కొన్ని చిన్న సవరణలు సూచించుకున్నారు. ఉల్లిపాయ అనే మాటలోంచి ఒక అక్షరం తీయవచ్చుననీ, కొన్ని అచ్చుల మీది గొడుగు గుర్తు మానవచ్చుననీ. అది కూడా తప్పనిసరి కాదు. 2016లో పాఠ్యపుస్తకాలు ఆ సవరణలను పాటించబోతే దేశంలో పెద్ద దుమారం లేచింది.

ఇప్పుడు మొదట చెప్పిన నివేదిక. 1789 విప్లవం తొలినాళ్ళలో భాషల విషయంలో ఉదారంగానే ఉంది. శాసనాలను ప్రాంతీయ భాషల్లోకి అనువదించి పంపాలని 1790 జనవరిలో నిర్ణయించారు. పని భారమైంది, అనువాదకులు చాలలేదు, అంతలో యుద్ధం వచ్చింది. సరిహద్దు ప్రాంతాల్లో తిరుగుబాట్లు లేచాయి. 1794 జనవరిలో బరేర్ అనే నాయకుడు సభలో నిలబడి ఒక్కొక్క భాషకు ఒక్కొక్క నేరం అంటగట్టాడు. మూఢనమ్మకం బ్రెటన్‌లో మాట్లాడుతుందనీ, గణతంత్ర ద్వేషం జర్మనులో మాట్లాడుతుందనీ, విప్లవ వ్యతిరేకతది ఇటాలియన్ అనీ, మతోన్మాదానిది బాస్కు అనీ ఆరోపించాడు. రాజు కాలంలో ఎవరి భాష వారు మాట్లాడుకుంటే పాలకులకు పట్టలేదు. పన్ను కడితే చాలు. గణతంత్రంలో ప్రజలే పాలకులు కనుక ప్రజలందరికీ ఒకే భాష ఉండాలన్నారు. సమానత్వం కోసమే ఈ మాట అన్నారన్నది మరువరాదు. కథంతా దుర్మార్గుల కథ అయితే అర్థం చేసుకోవడం తేలిక.

అబ్బే గ్రెగ్వార్ అటువంటి దుర్మార్గుడు కాడు. లొరేన్ ప్రాంతపు గ్రామ పురోహితుడు. యూదులకు పౌరహక్కుల కోసం, నల్లజాతి బానిసల విముక్తి కోసం జీవితాంతం పోరాడినవాడు. ఈయన 1790 ఆగస్టులో 43 ప్రశ్నలతో ఒక పత్రం అచ్చువేసి దేశం నలుమూలలకూ పంపాడు. మీ ప్రాంతంలో ఏ నుడి మాట్లాడతారు, దానికి వ్యాకరణముందా, నిఘంటువులున్నాయా, సామెతలేమిటి? ఇలా అడుగుతూ అడుగుతూ, ఆ నుడిని పూర్తిగా నాశనం చేస్తే కలిగే ప్రయోజనమేమిటని కూడా అడిగాడు. ఒక పండితుడి కుతూహలం, ఒక పాలకుడి గొడ్డలి ఒకే కాగితం మీద ఉన్నాయి. జవాబులు కూర్చి 1794 జూన్ 4న సభకు నివేదించాడు. "పాత్వాలను" నిర్మూలించి ఫ్రెంచిని సార్వత్రికం చేయవలసిన ఆవశ్యకత, మార్గాలు అన్నది దాని శీర్షిక. పాత్వా అంటే మనం యాస, మోటు భాష అని ఈసడించే అర్థంలో వాడే మాటే. దాదాపు మూడు కోట్ల జనాభా గల ఆ దేశంలో కనీసం 60 లక్షలమందికి ఫ్రెంచి బొత్తిగా రాదనీ, ఇంచుమించు మరో అంతమంది వరుసగా సంభాషణ సాగించలేరనీ, శుద్ధంగా మాట్లాడగలవారు 30 లక్షలకు మించరనీ ఆయన లెక్క. శుద్ధంగా రాయగలవారు ఇంకా తక్కువ.

చరిత్ర చేసే చమత్కారాలు కొన్ని ఉంటాయి. సొంత దేశపు భాషలను నిర్మూలించాలన్న నివేదికను విన్న అదే సభ, పది నెలలైనా తిరగకుండా 1795 మార్చిలో, పారిస్‌లో ప్రాచ్యభాషల పాఠశాలను నెలకొల్పింది. దాని వారసురాలైన విద్యాసంస్థలోనే తరువాతి కాలంలో తెలుగు కూడా బోధించారు. దూరపు భాష విద్య అయింది, పెరటి భాష అవిద్య అయింది.

గ్రెగ్వార్ నివేదికకు అప్పట్లో చేతులు లేవు. బళ్ళూ లేవు, పంతుళ్ళూ లేరు. 1863లో విద్యాశాఖ తీసిన లెక్కల్లో కూడా అయిదో వంతుకు పైగా గ్రామాలు ఫ్రెంచి మాట్లాడనివిగా తేలాయి. చేతులు వచ్చింది జూల్ ఫెర్రీ కాలంలో. 1881లో ప్రాథమిక విద్య ఉచితమైంది. 1882లో ఆరునుంచి పదమూడేళ్ళ పిల్లలకు అది నిర్బంధమైంది, మతప్రమేయం లేనిదైంది. ప్రపంచ విద్యాచరిత్రలో అది గొప్ప ఘట్టం. ఒక కూలివాని బిడ్డ చేతికి పలకా బలపం హక్కుగా వచ్చిన ఘట్టం. ఉపాధ్యాయుణ్ణి గనుక ఆ చట్టాలకు నమస్కరించకుండా ముందుకు పోలేను.

కాని ఆ బడిగదిలో మరొక వస్తువు కూడా ఉండేది. దాన్ని "సంబోల్" అనేవారు, అంటే గుర్తు. బ్రిటనీ ప్రాంతంలో "ఆవు" అని కూడా అనేవారు. ఒక పాత చెక్కబూటో, పలకముక్కో, దారానికి కట్టిన కొయ్యబిళ్ళో. ఉదయం బ్రెటన్‌లో మాట్లాడుతూ దొరికిన మొదటి పిల్లవాని మెడలో దాన్ని వేసేవారు. అది వదిలించుకోవాలంటే ఒకటే మార్గం. బ్రెటన్‌లో మాట్లాడే మరో పిల్లవాణ్ణి పట్టి ఇవ్వాలి. సాయంత్రం బడి వదిలే వేళకు అది ఎవరి మెడలో ఉంటే వారికి శిక్ష. ఓక్ భాషా ప్రాంతాల్లోనూ ఇటువంటిదే ఉండేది. ఫెర్రీ చట్టాల్లో దీని ప్రస్తావన లేదు. అంతకుముందునుంచీ ఉన్న పద్ధతి ఇది. నిర్బంధ విద్యతో పాటు పిల్లలందరి దాకా వచ్చింది. దీన్ని అమలుపరచిన పంతుళ్ళలో చాలామంది ఆ ప్రాంతపు రైతుబిడ్డలే, ఇంటి దగ్గర బ్రెటన్ మాట్లాడేవారే. తల్లిదండ్రులు కూడా పెద్దగా ఎదురుచెప్పలేదు. ఫ్రెంచి వస్తే తపాలా కార్యాలయంలో, రైల్వేలో, పారిస్‌లో ఉద్యోగం దొరుకుతుంది. కొడుకు తమలాగా బురదలో ఉండనక్కరలేదు. ఈ వాదనలో ఏ ఒక్క మాటా అబద్ధం కాదు, అదే దీని బలం.

ఆ బిళ్ళలోని దుర్మార్గం శిక్షలో లేదు. దెబ్బలు ఆ రోజుల్లో అన్ని బళ్ళలోనూ ఉండేవి. పక్కవాడి మాట మీద చెవి వేసి కూర్చోవడం నేర్పడంలో ఉంది. 2009లో కడప జిల్లాలో ఒక పాఠశాలలో, తెలుగు మాట్లాడినందుకు చిన్నపిల్లల మెడలో ఇక తెలుగు మాట్లాడనని ఆంగ్లంలో రాసిన పలకలు వేలాడదీసిన వార్త చదివి తెలుగువారంతా బాధపడ్డాం. ఆ ఉపాధ్యాయులు బ్రిటనీ చరిత్ర చదివి ఉంటారని నేను అనుకోను. ఎవరూ నేర్పకుండానే ఆ పలక చేతికి వస్తుంది.

ఈ సందర్భంలో "చివరి పాఠం" కథ చెప్పుకోవాలి. ఆల్ఫాన్స్ దోదే 1873లో ప్రచురించిన ఆ కథ మన దేశంలో ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి పన్నెండో తరగతి ఆంగ్ల వాచకంలో ఏళ్ళ తరబడి ఉంది. భాషాభిమానానికి ఉదాహరణగా దాన్ని చెప్పని ఉపాధ్యాయుడు ఉండడు. 1870-71 యుద్ధంలో ఓడిన ఫ్రాన్సు అల్సాస్‌నూ, లొరేన్‌లో కొంతభాగాన్నీ జర్మనీకి వదులుకుంది. ఇక బళ్ళలో జర్మనే బోధించాలని ఆజ్ఞ వస్తుంది. వృద్ధ ఉపాధ్యాయుడు హామెల్ పండుగ దుస్తులు ధరించి చివరిసారి ఫ్రెంచి పాఠం చెబుతాడు. ఊరి పెద్దలు వచ్చి వెనుక బల్లల మీద కూర్చుంటారు. పాఠం సరిగా రాని ఫ్రాంజ్ అనే పిల్లవాడు సిగ్గుతో కుంగిపోతాడు. చదివినవారి గొంతు పట్టేసే కథ, అందులో సందేహం లేదు.

కథలో చెప్పని సంగతి ఒకటుంది. అల్సాస్‌లో అత్యధికుల ఇంటి భాష ఫ్రెంచి కాదు, జర్మను కుటుంబానికి చెందిన అల్సాషియన్. ఆ పిల్లవాని పేరు ఫ్రాంజ్ అన్నదే జర్మను పేరు. అటువంటి పిల్లవానికి ఫ్రెంచి క్రియారూపాలు ఎందుకు పట్టుబడలేదో మనం ఊహించవచ్చు. అతడు పోగొట్టుకున్నది మాతృభాషను కాదు, బడిభాషను. పోయిన బడిభాష స్థానంలో వచ్చిందీ బడిభాషే. 1865 ప్రాంతంలో పుట్టి ఎనభయ్యేళ్ళు బతికిన అల్సాస్ రైతు 1871, 1918, 1940, 1945 సంవత్సరాల్లో నాలుగుసార్లు దేశం మారాడు, తన పొలం విడిచి కదలకుండానే. జర్మనీ నాజీలు ఫ్రెంచిని నిషేధించారు. వారు పోయిన తరువాత ఫ్రెంచి మాట్లాడడమే నాగరికమని గోడపత్రాలు వెలిశాయి. ఏ ఏలికా వంటింట్లో మాట్లాడే మాటను బడిలోకి మనసారా పిలవలేదు.

దోదే స్వయంగా ఓక్ భాషాప్రాంతమైన నీమ్ పట్టణంవాడు. ఓక్ భాష రూపమైన ప్రొవాన్సాల్‌లో రాసిన మహాకవి ఫ్రెదెరిక్ మిస్త్రాల్ అతనికి ఆప్తమిత్రుడు. మిస్త్రాల్ 1854లో ఆరుగురు మిత్రులతో కలిసి "ఫెలిబ్రిజ్" అనే సాహితీసంఘాన్ని స్థాపించాడు. 1859లో "మిరేయో" కావ్యం ప్రచురించాడు. ఆ పైన ఎన్నో ఏళ్ళు శ్రమించి ఓక్ భాష పలుకుబడులన్నిటికీ రెండు బృహత్ సంపుటాల నిఘంటువు కూర్చాడు. అకాడెమీకి నలభైమంది చేసే పని ఆయన ఒక్కడు చేశాడు. 1904లో నోబెల్ బహుమతి మరొక స్పానిష్ రచయితతో కలిపి వచ్చింది. ఆ సొమ్మును ఆర్ల్ పట్టణంలో ప్రొవాన్స్ జనజీవన ప్రదర్శనశాల విస్తరణకు వెచ్చించాడు. ఇదంతా జరుగుతున్న కాలంలోనే ఆయన ఊరి చుట్టుపక్కల పిల్లలు బడిలో ఆ భాష మాట్లాడినందుకు దెబ్బలు తింటున్నారు. నోబెల్ బహుమతి ఆ పలకముక్కను ఆపలేకపోయింది.

తరువాతి కథ త్వరగా చెబుతాను. 1902లో ప్రధానమంత్రి కోంబ్ బ్రెటన్‌లో మతప్రసంగాలు చేసే పురోహితుల జీతాలు ఆపించాడు. మొదటి ప్రపంచయుద్ధపు కందకాల్లో అన్ని ప్రాంతాల యువకులూ కలిసి పడుకొని, కలిసి చచ్చి, మిగిలినవారు ఫ్రెంచి మాట్లాడుతూ ఇళ్ళకు వచ్చారు. రేడియో, దూరదర్శన్ మిగిలిన పని చేశాయి. 1951లో బ్రెటన్, బాస్కు, కేటలాన్, ఓక్ భాషలను ఐచ్ఛికంగా బోధించడానికి చట్టం అనుమతించింది. అప్పటికి తల్లులే పిల్లలతో ఫ్రెంచి మాట్లాడడం మొదలుపెట్టారు. ఆజ్ఞలకంటె అదే అసలు మలుపు. 1992లో గణతంత్ర భాష ఫ్రెంచి అని రాజ్యాంగంలో చేర్చారు. 1994లో వచ్చిన తూబోన్ చట్టం ప్రకటనల్లోనూ, ఉద్యోగ ఒప్పందాల్లోనూ ఫ్రెంచిని తప్పనిసరి చేసింది. మన వక్తలు పొగిడే ఫ్రాన్సు ఈ ఫ్రాన్సు. ఆంగ్లం ముందు అది బాధితుని గొంతుతో మాట్లాడుతుంది. బ్రెటన్ ముందు ఆ గొంతు వేరు.

పొగడవలసింది మాత్రం ఉంది. కంప్యూటరుకు 1955లో జాక్ పెరే అనే లాటిను ఆచార్యుడు "ఒర్దినతెర్" అనే మాట సూచించాడు. కోరింది కంప్యూటర్లు తయారుచేసే సంస్థే. అమ్మేవారు అడిగారు, పండితుడు ఇచ్చాడు, జనం వాడారు. ఈ మూడూ కలిస్తేనే మాట నిలుస్తుంది. మనం సృష్టించిన పారిభాషిక పదాల్లో ఎన్నో కోశాల్లోనే ఉండిపోవడానికి కారణం పదం చెడ్డదై కాదు, మిగిలిన ఇద్దరూ రాకపోవడం.

తెలుగువారిలో ఫ్రెంచి పాలనను నేరుగా చూసినవారు యానాంవారు. పద్దెనిమిదో శతాబ్దం తొలిభాగంనుంచి 1954 దాకా ఆ చిన్న పట్టణం ఎక్కువకాలం ఫ్రెంచివారి చేతిలో ఉంది. 1956లో భారత ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందంలో, ప్రజాప్రతినిధులు వేరుగా నిర్ణయించనంతకాలం ఫ్రెంచి అధికారభాషగా కొనసాగుతుందని రాసుకున్నారు. అయినా యానాం మాట్లాడేది గోదావరి తెలుగే. బ్రెటన్‌కు పట్టిన గతి యానాం తెలుగుకు పట్టకపోవడానికి ఫ్రెంచివారి దయ కారణం కాదని నా అభిప్రాయం. చుట్టూ తెలుగు సముద్రం ఉంది. ప్రతి బిడ్డనూ బడికి లాక్కుపోయే చట్టం అక్కడికి ఆ బలంతో రాలేదు. వలస ప్రజలను ఫ్రెంచివారుగా మార్చాలన్న పట్టుదల వారికి బ్రిటనీ మీద ఉన్నంత యానాం మీద లేదు.

ఈ చరిత్ర చదువుతుంటే గిడుగు రామమూర్తిగారు మాటిమాటికీ గుర్తుకు వచ్చారు. వ్యావహారికోద్యమ నాయకునిగా ఆయనను ఆగస్టు 29న స్మరిస్తాం. కాని అంతకుముందే ఆయన పర్లాకిమిడిలో సవరల భాష నేర్చుకొని, వారికి వాచకాలు రాసి, వారి పిల్లలకు వారి నుడిలోనే చదువు చెప్పించారన్నది సభల్లో తక్కువగా వినబడుతుంది. సవర బిడ్డకూ, కోయ బిడ్డకూ, గోండు బిడ్డకూ బడిలో తెలుగు ఎటువంటిదో గిడుగువారికి తెలుసు. వారి ఎదుట మనమే పారిస్.

ఇక నేటి బ్రిటనీ. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో పది లక్షలమందికి పైగా మాట్లాడిన బ్రెటన్‌ను 2024 నాటి సర్వేలో లక్ష పైచిలుకు మంది మాత్రమే మాట్లాడగలమన్నారు. వారిలో వృద్ధులే ఎక్కువ. 1977లో కొందరు తల్లిదండ్రులు "దివాన్" అనే పేరుతో బ్రెటన్ మాధ్యమ బళ్ళు ప్రారంభించారు. ఆ మాటకు మొలక అని అర్థం. 2008లో ప్రాంతీయ భాషలు ఫ్రాన్సు వారసత్వంలో భాగమని రాజ్యాంగంలో ఒక వాక్యం చేరింది. 2021లో ఆ భాషల రక్షణకు పార్లమెంటు ఒక చట్టం చేసింది. అందులో పూర్తిగా ప్రాంతీయ భాషా మాధ్యమంలో బోధించే నిబంధననూ, పేర్లలో ఆ భాషల ప్రత్యేక గుర్తులను అనుమతించే నిబంధననూ రాజ్యాంగ మండలి కొట్టివేసింది. గణతంత్ర భాష ఫ్రెంచి అన్న 1992 నాటి వాక్యమే దానికి ఆధారం. ఆంగ్లంనుంచి కాపాడుకోవడానికని రాసుకున్న వాక్యమది.

ఆ గుర్తుల వివాదం వెనుక ఒక పసిబిడ్డ పేరుంది. బ్రిటనీలో ఒక దంపతులు కొడుక్కి బ్రెటన్ పేరు పెట్టుకున్నారు. అందులో ఎన్ అనే అక్షరం మీద అల వంటి చిన్న గీత ఉంటుంది. అది ఫ్రెంచి లిపిలో లేదని అధికారులు అభ్యంతరం చెప్పారు. 2017లో కింది న్యాయస్థానం ఆ గీతను నిరాకరించింది. దేశ ఐక్యతకు భంగమన్న మాట కూడా తీర్పులో వచ్చింది. 2018లో రెన్ నగరపు పై న్యాయస్థానం, ఆ గీత ఫ్రెంచి భాషకు అపరిచితం కాదని చెప్పి అనుమతించింది. అదే 2018లో విలేర్-కొత్రేలో పాడుబడిన రాజుగారి కోటను ఫ్రెంచి భాషకు అంతర్జాతీయ నిలయంగా మార్చే పని ప్రభుత్వం తలకెత్తుకుంది. 2023లో అధ్యక్షుడు దాన్ని ప్రారంభించాడు. పుట్టిన ప్రతి బిడ్డ పేరూ పుస్తకంలో రాయాలన్న శాసనం వెలువడింది ఆ కోటలోనే.